చేతిని ఆపే బొమ్మ: కైరోప్రాక్టరు దగ్గర ఎమ్మారై దేనికి?

(టెక్సస్‌లో ఒక తెలుగు సంఘం ఆరోగ్య సదస్సులో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే రాశాం. ప్రశ్నల్ని కాస్త కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే.

నా పని చీకటి గదిలో కూర్చుని బొమ్మలు చదవడం. రోజంతా నడుములూ మెడలే. మనుషుల్ని చూసేది తక్కువ. నా దగ్గరికొచ్చే వెన్నెముక స్కాన్లలో కొన్ని సర్జన్లు రాసినవి, కొన్ని ఫ్యామిలీ డాక్టర్లు రాసినవి, కొన్ని కైరోప్రాక్టర్లు, అంటే వెన్నునీ కీళ్ళనీ చేత్తో నొక్కి విదిలించి వైద్యం చేసేవాళ్ళు, రాసినవి. ఇవాళ ఆ మూడో రకం గురించి మాట్లాడమన్నారు. మనవాళ్ళు ఇక్కడ కైరోప్రాక్టర్ల దగ్గరికి బాగానే వెళ్తున్నారు మరి. కూర్చుని చేసే ఉద్యోగాలు, పైగా కారులో గంటలు. ఫ్యామిలీ డాక్టరు అపాయింట్‌మెంటు మూడు వారాలకి గానీ దొరకదు. కైరోప్రాక్టరుకి ఇవాళ ఫోన్ చేస్తే రేపు రమ్మంటాడు. చెయ్యి వేసి చూస్తాడు, చెప్పేది వింటాడు. చెయ్యి వేసి చూసే డాక్టరు ఈ రోజుల్లో ఎక్కడున్నాడండీ?

అసలు మనకిది కొత్తా ఏమన్నానా? నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తన్నించుకున్న జాతి మనది. (నవ్వులు) ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి బస్సెక్కేవాళ్ళం. క్షవరం అయ్యాక మంగలి షాపులో తల అటూ ఇటూ తిప్పి టక్కుమనిపిస్తే గానీ డబ్బులిచ్చేవాళ్ళం కాదు. కాబట్టి ఒళ్ళు విరిపించుకోవడం మీద మనకి నమ్మకం ఎప్పుడూ ఉంది. ఇక్కడ దానికి బోర్డు, డిగ్రీ, ఇన్సూరెన్సు తోడయ్యాయి.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో భోజనాల వాసనొస్తే సగంమంది లేచిపోతారు. మీ వెన్నులో ఎక్కడ నొక్కితే నొప్పి పోతుందో ఎమ్మారై చాలావరకు చెప్పలేదు. ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో మాత్రం బ్రహ్మాండంగా చెప్తుంది. కైరోప్రాక్టరుకి దాని వల్ల అసలైన ఉపయోగం అదే. దురదృష్టం ఏమిటంటే ఎక్కువ స్కాన్లు మొదటి పని కోసమే తీయిస్తున్నారు.

ఇదెలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం. 1895 సెప్టెంబరులో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి. డి. పామర్ అనే ఆయన, తనున్న భవనంలో పనిచేసే హార్వీ లిల్లార్డ్ అనే అతని వెన్ను మీద నొక్కాడు, దాంతో అతని చెవుడు పోయిందని చెప్పుకున్నాడు. కైరోప్రాక్టిక్ పుట్టుక కథ ఇది. సరిగ్గా అదే ఏడాది నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-రేలు కనిపెట్టాడు. రెండూ కవలపిల్లల్లాగా పుట్టాయి. పామర్ కొడుకు బి. జె. పామర్ 1910లోనే ఎక్స్-రేని తమ వైద్యంలోకి తెచ్చాడు. ఇంకో తమాషా వినండి. పెద్ద పామర్ అంతకుముందు చేసిన వృత్తి ఏమిటో తెలుసా? అయస్కాంత వైద్యం! చేతుల్లోంచి అయస్కాంత శక్తి పంపిస్తానని రోగుల్ని చూసేవాడు. ఆయన వారసులు ఇవాళ రోగుల్ని నిజంగానే అయస్కాంతంలోకి పంపిస్తున్నారు.

ఆ మొదటి రోజుల్లో వాళ్ళ సిద్ధాంతం ఏమిటంటే, వెన్నుపూస రవ్వంత పక్కకి జరిగి నరాన్ని నొక్కుతుంది, రోగాలన్నీ అందులోంచే పుడతాయి. దాన్ని సబ్‌లక్సేషన్ అన్నారు. జరిగిందని చూపించడానికి బొమ్మ కావాలి కదా, ఎక్స్-రే అందుకు పనికొచ్చింది. ప్రభుత్వం కూడా ఈ అలవాటుకి ముద్ర వేసింది. 1973లో మెడికేర్, అంటే ఇక్కడ పెద్దవాళ్ళకుండే ప్రభుత్వ ఇన్సూరెన్సు, కైరోప్రాక్టరుకి డబ్బులివ్వడం మొదలుపెట్టినప్పుడు, సబ్‌లక్సేషన్ ఉందని ఎక్స్-రేతో చూపిస్తేనే ఇస్తామంది. ఆ షరతు 2000 జనవరి 1 దాకా ఉంది. పాతికేళ్ళకి పైగా బొమ్మ తీస్తేనే బిల్లు పాసయ్యేది. అప్పుడు ఆ బొమ్మ రోగం వెతకడానికా, బిల్లుకి సాక్ష్యానికా? ఇవాళ ఎమ్మారై చుట్టూ కనిపించే తప్పుడు అలవాట్లు చాలావరకు ఆ పాత ఇంట్లో పెరిగినవేనని నా అభిప్రాయం.

వృత్తి లోపల కూడా అందరూ ఒకటే మాట మీద లేరు, అది కూడా చెప్పాలి. ఆ పాత సిద్ధాంతం చరిత్రలో భాగమే తప్ప దానికి పరిశోధనల ఆధారం లేదని బ్రిటన్‌లో వాళ్ళ సొంత నియంత్రణ సంస్థే 2010లో ప్రకటించింది. ఇక్కడ అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ 2017లో తమ సభ్యులకే చెప్పింది: కొత్తగా వచ్చిన నడుం నొప్పికి, ప్రమాద సూచనలేవీ లేకపోతే, మొదటి ఆరు వారాల్లో వెన్నెముక బొమ్మలు తీయించొద్దని. రేపు మీ కైరోప్రాక్టరు మొదటి రోజే స్కాన్ రాస్తే, "మీ అసోసియేషను ఇలా అంది కదండీ, నా విషయంలో కారణం ఏమిటి?" అని మర్యాదగా అడగండి. కారణం ఉంటే చెప్తాడు. మంచి కైరోప్రాక్టరు ఆ ప్రశ్నకి నొచ్చుకోడు.

ఇప్పుడు యంత్రం సంగతి. భయపడకండి, ఫిజిక్సు క్లాసు కాదు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళు, నీళ్ళలో హైడ్రోజన్. మామూలు స్కానరు 1.5 టెస్లా అయస్కాంతం, అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. అందులోకి వెళ్ళగానే హైడ్రోజన్ కేంద్రకాలు దాని వరసకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి, తిరిగి సర్దుకుంటూ అవి ఇచ్చే సంకేతాన్ని పట్టుకుంటాం. రేడియేషన్ లేదు. చప్పుడు మాత్రం బాదేస్తుంది, అందుకే చెవులకి మూత పెడతారు. ఒకే నడుముకి నాలుగైదు రకాల బొమ్మలు తీస్తాం. టి1లో కొవ్వు తెల్లగా, నీళ్ళు నల్లగా ఉంటాయి. టి2లో నీళ్ళు తెల్లగా మెరుస్తాయి. స్టిర్ అని ఇంకోటి ఉంది, కొవ్వుని నల్లగా చేసేసి వాపుని మాత్రం వెలిగిస్తుంది. ఈ మూడో దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఈ యంత్రం వెనక పెద్ద తగాదా కూడా ఉందండోయ్. 2003లో నోబెల్ బహుమతి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి ఇచ్చారు. 1977లో మనిషి ఛాతీని మొదట స్కాన్ చేసిన డమాడియన్‌కి ఇవ్వలేదు. ఆయన ఊరుకోలేదు, పేపర్లలో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి మరీ గొడవ చేశాడు. ఆయన మొదటి స్కానుకి దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు నడుముకి ఇరవై, ముప్పై నిమిషాలు చాలు.

సరే, ఇంతకీ ఆ బొమ్మలో నొప్పి కనపడుతుందా? కనపడదు. టెలిఫోను స్తంభానికి ఫొటో తీస్తే తీగలు కనపడతాయి గానీ వాటిలో ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినపడదు కదా. నాకు డిస్కు, అంటే పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి దిండు, కనపడుతుంది, నరం కనపడుతుంది, డిస్కు నరానికి ఆనుకుని ఉండటం కనపడుతుంది. ఆ నరం ఏడుస్తోందో లేదో కనపడదు.

ఊరికే అంటున్న మాట కాదిది. 1994లో ఒక పేరున్న పరిశోధన వచ్చింది. నడుం నొప్పి లేని 98 మందిని పట్టుకుని ఎమ్మారై తీశారు. 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందికి డిస్కు పొడుచుకొచ్చి ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదు! తర్వాత 2015లో అలాంటి 33 పరిశోధనల్ని ఒకచోట చేర్చారు, మొత్తం 3,110 మంది, ఎవరికీ బాధ లేదు. డిస్కు అరుగుదల ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్ళకి 30 శాతం, ఎనభైకి 84 శాతం. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని చూడండి. క్రికెట్టు ఆడుకుంటున్న పదిమందిని లాక్కొచ్చి స్కాన్ చేస్తే ముగ్గురికో నలుగురికో "డీజెనరేటివ్ డిస్క్ డిసీజ్" అని రిపోర్టు వస్తుంది. ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళమ్మకి చూపిస్తే ఇక ఆ అబ్బాయి బ్యాటు పట్టుకోడు.

రిపోర్టులో ఆ పదాలు రాసేవాళ్ళం మేమే. "డెసికేషన్" అంటే డిస్కులో నీరు తగ్గింది, అంతే. "డిఫ్యూజ్ బల్జ్" అంటే డిస్కు చుట్టూ కొంచెం ఉబ్బింది. ఇండియా రిపోర్టుల్లో తప్పకుండా ఉండే ముక్క ఒకటుంది, "ఇండెంటింగ్ ద థీకల్ శాక్" అని. చదివినవాళ్ళకి వెన్నుపాములో కత్తి దిగినట్టుంటుంది. నిజానికి నరాలుండే నీళ్ళసంచికి డిస్కు తగిలి చిన్న నొక్కు పడింది, లోపల నరాలు హాయిగా తేలుతున్నాయి. ఇక "యాన్యులర్ టేర్" అనే మాట దెబ్బ తగిలి చిరిగినట్టు వినపడుతుందనే "ఫిషర్" అని రాయమని వెన్నెముక రేడియాలజిస్టుల సంఘాలు చెప్పాయి. అయినా చాలామంది టేర్ అనే రాస్తారు. కారు యాక్సిడెంటు కేసుల్లో ఆ ఒక్క మాట విలువ ఎంతో లాయర్లని అడగండి. (నవ్వులు)

కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వాళ్ళు దీనిమీద ఒక మంచి పని చేశారు, 2021లో అచ్చయింది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఎమ్మారై తీసి, రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకి రిపోర్టులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు వివరించారు. రెండో గుంపుకి, ఇందులో కంగారు పడాల్సిందేం లేదు, వయసుతో వచ్చే మార్పులే అని చెప్పారు. ఆరు వారాల తర్వాత చూస్తే మొదటి గుంపు తమ వెన్ను పాడైపోయిందనే దిగుల్లో ఉంది, రెండో గుంపు పరిస్థితి మెరుగ్గా ఉంది. మన పక్క రాష్ట్రపు హాస్పిటల్లో, మనలాంటి మనుషుల మీద చేసిన పని కాబట్టి చెప్తున్నాను. అయితే మందు అంత తేలిక కూడా కాదు. ఇక్కడ అమెరికాలో, నొప్పి లేనివాళ్ళలో కూడా ఇవి ఇంత శాతం ఉంటాయని రిపోర్టులోనే ఒక పేరా చేర్చి, దాదాపు రెండున్నర లక్షల మందిలో పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది. వెన్నెముక వైద్యం వాడకం తగ్గలేదు. నొప్పికి రాసే ఓపియాయిడ్ మాత్రలు, అంటే నల్లమందు జాతివి, మాత్రం కాస్త తగ్గాయి. కాగితం మీద రాసిన ఓదార్పు మనిషి నోటితో చెప్పినంత పనిచేయదేమో.

ఇంకోటి. మీరు ఏ సెంటరుకి వెళ్ళినా ఒకే జవాబు వస్తుందనుకుంటున్నారా? 2017లో వచ్చిన ఒక పరిశోధనలో 63 ఏళ్ళ ఒకావిడని మూడు వారాల్లో పది సెంటర్లకి పంపారు. అదే నడుము. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదిమందీ ఒప్పుకున్నది ఒక్కటి కూడా లేదు. తొమ్మిదిమంది ఒప్పుకున్నది ఒకటే ఒకటి. రేడియాలజిస్టుగా ఇది చెప్పడానికి నాకేం సంతోషంగా లేదు. కానీ కైరోప్రాక్టరు ఆ కాగితంలోని ఒక లైను పట్టుకుని, "మీకు ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ దగ్గర, అంటే నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య, సమస్య ఉంది, వారానికి మూడుసార్లు చొప్పున మూడు నెలలు రావాలి" అన్నప్పుడు మీకు ఇది గుర్తుండాలి.

బొమ్మ పనికొచ్చేది ఎప్పుడంటే, కాలి నొప్పి చెప్పే కథకీ బొమ్మలో కనిపించే డిస్కుకీ లెక్క సరిపోయినప్పుడు. ఎడమ కాలి బొటనవేలు పైకి లేవట్లేదు, తిమ్మిరి పాదం పైభాగంలో ఉంది, బొమ్మలో ఎడమవైపు ఎల్‌ఫైవ్ నరం నొక్కుకుని ఉంది: అప్పుడు నమ్ముతాను. జ్యూరిక్‌లో సరిగ్గా ఇలా చేశారు. స్విట్జర్లాండ్‌లో కైరోప్రాక్టిక్ అంటే వైద్యం, దంతవైద్యం పక్కన చట్టం గుర్తించిన యూనివర్సిటీ చదువు. అక్కడ 148 మందికి, ఎమ్మారైలో కనిపించిన డిస్కూ లక్షణాలూ కలిశాయని చూసుకుని, ఆ స్థాయిలోనే మానిప్యులేషన్, అంటే చేత్తో వెన్నుని నొక్కి విదిలించడం, చేశారు. మూడు నెలలకి 90 శాతం మంది బాగుందన్నారు. 2014లో వచ్చింది. వినడానికి అద్భుతంగా ఉంది కదా? అందులో ఒక లోపం ఉంది. మానిప్యులేషన్ చేయని గుంపు పోల్చడానికి లేదు. జారిన డిస్కులు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి కూడా. పైగా ఇందులో ఒక వింత ఉంది, ఎంత భయంకరంగా జారితే అంత ఎక్కువగా కరిగిపోతుంది. 2015లో లెక్కలన్నీ కూడితే, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కల్లో 96 శాతం తగ్గాయి, బాగా బయటికొచ్చినవాటిలో 70 శాతం, ఊరికే ఉబ్బినవాటిలో 13 శాతమే. తెగిన ముక్కని శరీరం పరాయిదనుకుని తినేస్తుంది. కాబట్టి నొప్పి తగ్గాక మళ్ళీ స్కాన్ తీసి, "చూశారా, నా చేతిమహిమ" అంటే, అది ఆయన చెయ్యో మీ తెల్లరక్తకణాలో ఎవరు చెప్పాలి?

ఇప్పుడు నేను అసలు ఎందుకొచ్చానో ఆ సంగతికి వస్తాను. చేతిని ఆపే బొమ్మ.

నాకు స్కాన్లు పంపే కైరోప్రాక్టర్లలో ఒకాయన మీద నాకు గౌరవం. ఏడాదికి కొన్నే పంపుతాడు. పంపినప్పుడు మాత్రం కాగితం మీద ఒక ప్రశ్న రాస్తాడు. ఒకసారి ఒక కుర్రాడిని పంపాడు, మనవాడే, హెచ్‌వన్ మీద వచ్చి కొన్నేళ్ళయింది. "నడుం పై భాగంలో నొప్పి, రాత్రిళ్ళు ఎక్కువ, పడుకున్నా తగ్గట్లేదు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందంటున్నాడు, బరువు తగ్గాడు. ముట్టుకోలేదు. ఇన్ఫెక్షన్ ఉందా?" అని రాశాడు. స్టిర్ బొమ్మలో రెండు వెన్నుపూసలు దీపాల్లా వెలుగుతున్నాయి, పక్కన కండరంలో చీము గూడు, మధ్యలో డిస్కు మాత్రం చాలావరకు నిలబడే ఉంది. డిస్కుని చివరిదాకా వదిలేసి ఎముకని తినడం క్షయ చేసే పని. వెన్నెముక టీబీ అని బయటపడింది, మందులు మొదలయ్యాయి. ఊళ్ళో చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరిన టీబీ ఇక్కడ పదేళ్ళ తర్వాత కూడా లేవచ్చు. మనం ఇండియా నుంచి వచ్చినవాళ్ళం, ఈ సంగతి ఇక్కడి డాక్టరుకి తట్టకపోవచ్చు, మనమే చెప్పాలి. ఆ రోజు ఆయన మామూలుగా బల్ల మీద పడుకోబెట్టి నొక్కి ఉంటే? పుచ్చిన పూస కూలితే వెన్నుపాము నలిగేది.

ఆ కుర్రాడికి ఏం జరిగింది? చేతి కంటే ముందు చెవి పనిచేసింది. ప్రమాద సూచనలంటే ఇవే. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఎప్పుడో వచ్చిపోయిన క్యాన్సరు, అది రొమ్ముదైనా ప్రొస్టేటుదైనా. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు. పెద్దవయసులో చిన్న తూలుకే మొదలైన నొప్పి. ఆడవాళ్ళలో ఎముక బోలు వల్ల పూస నలిగిపోతే ఎక్స్-రేలో నలిగిందని తెలుస్తుంది గానీ, నిన్న నలిగిందో పదేళ్ళ కిందట నలిగిందో తెలియదు. స్టిర్‌లో తెలుస్తుంది, కొత్తదైతే వెలుగుతుంది.

ఒకటి మాత్రం విడిగా చెప్తాను, నిద్రలో లేపినా చెప్పగలిగేలా గుర్తుపెట్టుకోండి. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. సైకిలు సీటు ఆనే చోట మొద్దుబారడం. రెండు కాళ్ళూ బలహీనమవడం. దీన్ని కాడా ఈక్వినా అంటారు, గుర్రం తోకలా ఉండే నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. దీనికి కైరోప్రాక్టరూ వద్దు, ఫ్యామిలీ డాక్టరూ వద్దు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఆ రాత్రే ఎమ్మారై తీయాలి. మనవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ మాటలు బయటికి చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులు ఆగుతారు. ఆ రెండు రోజుల్లో పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు.

మెడ దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. మెడ పూసల్లో రంధ్రాలగుండా మెదడుకి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు పైకి వెళ్తాయి. మెడని వడిగా తిప్పినప్పుడు వాటి గోడ లోపల చీలిక రావచ్చు, దాంతో స్ట్రోకు రావచ్చు. ఇది అరుదు. కైరోప్రాక్టరు వల్లే వస్తుందా అన్నదాని మీద పెద్ద వాదం ఉంది. ఒంటారియోలో 2008లో వచ్చిన పరిశోధన ఏమందంటే, ఈ స్ట్రోకు వచ్చినవాళ్ళు అంతకుముందు కైరోప్రాక్టరు దగ్గరికి ఎంతగా వెళ్ళారో ఫ్యామిలీ డాక్టరు దగ్గరికీ దాదాపు అంతే వెళ్ళారు. అంటే ధమని అప్పటికే చీలడం మొదలై, ఆ నొప్పితోనే డాక్టరుని వెతుక్కున్నారేమో. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇద్దరికీ మధ్యస్థంగా చెప్పింది: కారణమని తేలలేదు, సంబంధం ఉంది, మెడ తిప్పేముందు రోగికి ఈ సంగతి చెప్పాలి అని. నాకైతే అసలు కిటుకు వేరే చోట కనిపిస్తుంది. ధమని చీలినవాడికి మెడ నొప్పే మొదటి లక్షణం అయితే, ఆ మెడ నొప్పికి మెడ తిప్పడం నిప్పు మీద నెయ్యి. కొత్తగా, ఒకవైపే, ఇంతకుముందెప్పుడూ లేనంత నొప్పి వచ్చి, తోడుగా తల తిరగడం, మాట తడబడటం, చూపు రెండుగా కనపడటం, మింగలేకపోవడం, ఇవేవైనా ఉంటే ముందు ఎమ్మారై, దాంతోపాటు రక్తనాళాల బొమ్మ. అడ్డకోతల్లో ధమని గోడలో గడ్డకట్టిన రక్తం నెలవంకలా తెల్లగా కనిపిస్తుంది. 2022లో హైదరాబాదులో ఒకావిడకి బ్యూటీ పార్లర్లో తలస్నానానికి మెడ వెనక్కి వాల్చినప్పుడు స్ట్రోకు లక్షణాలొచ్చాయని పేపర్లో చదివే ఉంటారు. మెడకి కైరోప్రాక్టరని, మంగలని, పార్లరని తేడా తెలియదు. ఆ యూట్యూబు వీడియోల్లో తలకి పట్టీ కట్టి గుంజుతారు చూశారా, చప్పుడుకి మైకు కూడా పెడతారు. పరీక్ష లేదు, ప్రశ్న లేదు. అది మాత్రం దయచేసి చేయించుకోకండి.

డబ్బు సంగతి తొందరగా ముగిస్తాను. చాలా రాష్ట్రాల్లో కైరోప్రాక్టరు ఎమ్మారై రాయొచ్చు. అయితే మెడికేర్ ఉన్న పెద్దవాళ్ళకి కైరోప్రాక్టరు రాసిన స్కానుకి మెడికేర్ డబ్బివ్వదు, చేత్తో చేసే మానిప్యులేషనుకే ఇస్తుంది. వాళ్ళకి ఫ్యామిలీ డాక్టరు చేత రాయించుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్సులు చాలావరకు ఆరు వారాల వైద్యం అయ్యాక గానీ ఒప్పుకోవు. ఇక కారు గుద్దుకున్నాక లాయరు కైరోప్రాక్టరు దగ్గరికి, కైరోప్రాక్టరు ఫలానా స్కాన్ సెంటరుకి పంపే గొలుసు ఒకటుంది. ఆ గొలుసులో తీసిన ఎమ్మారై మీ ఒంటి కోసం తీసిందా, కేసు కోసం తీసిందా అని ఒక్కసారి ఆలోచించుకోండి. రెండో దానికోసం తీసిన రిపోర్టుని చదివి రాత్రిళ్ళు నిద్ర చెడగొట్టుకోకండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: నిలబడి తీసే ఎమ్మారై మంచిదంటున్నారు కదా, మా కైరోప్రాక్టరు అదే చేయించుకోమన్నారు.

నిలబడినప్పుడు నొప్పి, పడుకుంటే పోతుంది అనేవాళ్ళలో ఒకోసారి కొత్త విషయం తెలుస్తుంది, పూస ముందుకి జారడం లాంటిది. ఇందాక చెప్పిన డమాడియన్ కంపెనీ మిషనే దాన్ని ప్రసిద్ధం చేసింది. కానీ దాని అయస్కాంతం 0.6 టెస్లా, బొమ్మ అంత నున్నగా రాదు, నిలబడి కదలకుండా ఉండటమూ కష్టమే. బరువు పడితే అందరి డిస్కులూ ఇంకాస్త ఉబ్బుతాయి, నొప్పి లేనివాళ్ళవి కూడా. ఇరుకు యంత్రమంటే ఊపిరాడని భయం ఉన్నవాళ్ళకి మాత్రం అది వరమే.

ప్రశ్న: డిసెంబరులో హైదరాబాదు వెళ్తున్నాను. అక్కడ చవక కదా, నడుమూ మెడా రెండూ తీయించుకు రమ్మంటారా?

నొప్పి ఉందా మీకు? (ప్రేక్షకుల నుంచి: "లేదండీ, జాగ్రత్తకి.") (నవ్వులు) అయితే ఆ డబ్బుతో బిర్యానీ తినండి. జాగ్రత్తకి తీసిన ఎమ్మారైలో ఏదో ఒకటి దొరుకుతుంది, ఆ దొరికినదానికి వైద్యం మొదలవుతుంది. నిజంగా అవసరమై తీయించుకుంటే, రిపోర్టు కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే నాకు ఉపయోగం లేదు. సీడీ గానీ పెన్ డ్రైవ్ గానీ అడిగి తెచ్చుకోండి, అందులో స్టిర్ ఉందో లేదో అడగండి. చవక ప్యాకేజీల్లో ఒకోసారి అదే వదిలేస్తారు.

ప్రశ్న: మా అమ్మ నల్గొండ దగ్గర పల్లె నుంచి మొన్ననే వచ్చింది. మెడ, నడుము బిగుసుకుపోయాయి, వంగలేదు. కైరోప్రాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. పేస్‌మేకర్ కూడా ఉంది.

తీసుకెళ్ళకండమ్మా, ఇప్పుడే వద్దు. నల్గొండ అన్నారు కాబట్టి చెప్తున్నాను. మన దగ్గర బావి నీళ్ళలో ఫ్లోరైడు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకి వెన్నెముక పక్కనుండే లిగమెంట్లు ఎముకలా గట్టిపడతాయి. మన దేశంలో ఈ జబ్బుని మొదట వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. గట్టిపడిన ఆ లిగమెంటు లోపలికి పెరిగి వెన్నుపాముని ఇరికిస్తుంది. అలాంటి మెడని విదిలిస్తే కాళ్ళు చేతులు పడిపోవచ్చు. ఇక్కడి కైరోప్రాక్టరు జన్మలో ఇలాంటి కేసు చూసి ఉండడు, బిగుసుకున్న కీళ్ళనుకుని వదులు చేయబోతాడు. మీరు ఇంటికెళ్ళి చూడండి: అమ్మగారు జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటున్నారా? అన్నం కలిపేటప్పుడు వేళ్ళు తడబడుతున్నాయా? నడుస్తుంటే కాళ్ళు బిగదీసుకుని, తూలుతున్నారా? పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయా, ఎన్నేళ్ళు ఆ ఊరి నీళ్ళు తాగారు? ఇవన్నీ రాసుకుని మామూలు డాక్టరుకి చూపించండి. ముందు ఎక్స్-రే, సీటీ. ఎముకగా మారిన లిగమెంటు సీటీలోనే బాగా తెలుస్తుంది. వెన్నుపాము నలిగిందా లేదా అనేది ఎమ్మారైలో చూడాలి. పేస్‌మేకర్ 2011 తర్వాత పెట్టిందైతే ఎమ్మారైకి సరిపడే రకం అయి ఉండొచ్చు, కానీ ఊహించుకుని వెళ్ళొద్దు. దాని కార్డు ఒకటి ఇస్తారు, మోడల్ నంబరు ఉంటుంది. అమ్మగారి దగ్గర లేకపోతే పెట్టిన హాస్పిటల్‌కి ఇవాళ రాత్రే ఫోన్ చేయించండి, అక్కడ అప్పటికి తెల్లవారుతుంది.